రంగు మారని నాళికలు: హైడ్రిల్లా, నత్త ప్రయోగంలో చిక్కులు

బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఒక బడిలో ఏటా ఏడో తరగతి పిల్లలతో మొక్క కిరణజన్య సంయోగక్రియనీ, మొక్కా నత్తా శ్వాసించడాన్నీ నీళ్ళ రంగు మార్పుతో చూపించే ప్రయోగం చేయిస్తుంటాను. ఒక నాళికలో వట్టి నీళ్ళు, ఒకదాంట్లో హైడ్రిల్లా అనే నీటి మొక్క కొమ్మ, ఒకదాంట్లో చిన్న నత్త, ఇంకోదాంట్లో రెండూ. అన్నిట్లోనూ బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు మారే సూచిక చుక్కలు. ఇలాంటివి రెండు సెట్లు: ఒకటి వెలుతురులో, ఒకటి చీకట్లో. నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే రంగు పసుపు వైపు, తగ్గితే నీలం వైపు పోతుంది. పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6 దగ్గర పసుపు, 7.6 దగ్గర నీలం, నడుమ ఆకుపచ్చ. చెప్పడానికి ఇంతే. చెడేది మాత్రం చాలావరకు నీళ్ళ దగ్గరే.

ఎంత ఊదినా నీలం దిగట్లేదు

మొదలుపెట్టే ముందు స్ట్రాతో ఊదితే మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల నీలం నీళ్ళు ఆకుపచ్చకి దిగాలి. మొదటి ఏడాది ఒక పిల్లవాడు స్ట్రాతో ఊదీ ఊదీ బుగ్గలు కందిపోయినా నీళ్ళు నీలంగానే ఉన్నాయి. "మిస్, వీడు ఊపిరే వదలట్లేదు!" అని వెనక బెంచీ నవ్వు. తప్పు వాడిది కాదు, ట్యాంకర్ నీళ్ళది. గీజర్ కాయిల్ మీద తెల్లటి పొర కట్టే బోరు నీళ్ళలో బైకార్బనేట్ దండిగా ఉంటుంది. అది పీహెచ్‌ని కిందికి దిగనివ్వదు. ఆర్వో క్యాన్ నీళ్ళు తీసుకోండి. చుక్కలు వేయగానే ఆకుపచ్చగా వస్తే ఇంకా మంచిది, ఊదే పని తప్పింది. స్ట్రాకి పైభాగాన పిన్నుతో ఒక చిల్లు పెడితే పిల్లలు పొరపాటున పీల్చినా నీళ్ళు నోట్లోకి రావు.

కావేరీ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేలా ముందురోజే బకెట్లో తెరిచి ఉంచాలి, నత్త కోసం.

ఎండలో పెట్టినా హైడ్రిల్లా నాళిక మారలేదు

నీలంతో మొదలుపెట్టి ఉంటారు. ఇక నీలంగా మారడానికేముంది? ఆకుపచ్చతో మొదలుపెట్టండి. జులై, ఆగస్టు మబ్బుల్లో కిటికీ వెలుతురు చాలదు, ఎల్ఈడీ బల్బు దగ్గరగా పెట్టండి. పాత ఫిలమెంట్ బల్బు వద్దు, నీళ్ళు కాగుతాయి.

బుడగల కోసం వంటసోడా వేశాం, రంగు చెడింది

గరాటు కింద హైడ్రిల్లా పెట్టి బుడగలు చూపించే ప్రయోగానికి చిటికెడు వంటసోడా మేలే. రంగు ప్రయోగంలో మాత్రం అదే సోడా మనమే బోరు నీళ్ళు తయారుచేసినట్టు. రెండిటినీ ఒకే గ్లాసులో కలపకండి. ఇంకోటి, గాజు గోడకి అంటుకున్న బుడగలన్నీ ఆక్సిజన్ కావు. నీళ్ళు వెచ్చబడితే కరిగిన గాలి కూడా అలాగే బయటికొస్తుంది. కోసిన కాడ చివర నుంచి వరసగా లేచేవే లెక్క.

వట్టి నీళ్ళ నాళిక కూడా మారింది

బిరడా వదులు, లేదా నాళికలో సబ్బు మిగిలింది. ఆర్వో నీళ్ళతో రెండుసార్లు కడిగి, బిరడా గట్టిగా బిగించండి.

చీకట్లో హైడ్రిల్లా పసుపు కాలేదు

నేను ఈ ప్రయోగం చేయించేదే ఈ నాళిక కోసం. "మొక్క పగలు ఆహారం చేసుకుంటుంది, రాత్రి ఊపిరి పీలుస్తుంది" అని పిల్లలు గట్టిగా నమ్ముతారు. పగలు కూడా శ్వాసిస్తూనే ఉంటుంది. కాకపోతే వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని అక్కడికక్కడే వాడేసుకుంటుంది కాబట్టి రంగులో కనపడదు. శ్వాసక్రియ నెమ్మది. ఒక పీరియడ్ చాలదు. కొమ్మ కాస్త ఎక్కువ వేసి, ఫాయిల్ రెండు పొరలు చుట్టి, బీరువాలో రాత్రంతా ఉంచండి.

నత్త నాళిక పసుపే, కానీ నత్త కదలట్లేదు

చచ్చిన నత్త కుళ్ళినా నీళ్ళు పసుపవుతాయి, బ్యాక్టీరియా పుణ్యమా అని. ఆ ఫలితం రాయకండి. నత్తని రాత్రంతా ఉంచొద్దు, రెండు మూడు గంటలు చాలు. తర్వాత దాని తొట్టిలోకి వదిలేయండి.