వావిలాకు సారం నొప్పిని, వాపును తగ్గిస్తుందా? పరీక్షించే పద్ధతి

బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేయించడం, కీళ్లనొప్పులకు ఆ ఆకును వెచ్చజేసి కట్టు కట్టడం మన ఇళ్లలో పాత అలవాట్లు. ఆ అనుభవంలో నిజమెంతో ప్రయోగశాలలో తేల్చాలనుకునేవారు ఎలుకల దగ్గరికి వెళ్లేముందు మొక్క ఏదో రూఢి చేసుకోవాలి. వావిలిలో మూడాకులూ అయిదాకులూ రెండూ కనిపిస్తాయి కనుక ఆకుల లెక్కను నమ్మకుండా, పూతతో ఉన్న కొమ్మను వృక్షశాస్త్రవేత్తకు చూపించి, నమూనాను హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచేచోట) సంఖ్యతో భద్రపరచాలి.

ఆకును నీడన ఆరబెట్టి, ముతకగా పొడిచేసి, 70 శాతం ఇథనాల్‌లో మూడు రోజులు నానబెట్టి వడగట్టాలి. రోటరీ ఎవాపరేటర్‌లో వేడి 50 డిగ్రీలు దాటకుండా ద్రావణిని తొలగిస్తే జిగట ముద్ద మిగులుతుంది. ఎంత పొడికి ఎంత ముద్ద వచ్చిందో తప్పక రాసిపెట్టుకోవాలి. ఆ అంకె లేకపోతే మీరిచ్చిన మోతాదు ఎంత ఆకుకు సమానమో ఎవరికీ తెలియదు.

సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి లేనిదే ఒక్క జంతువును కూడా తాకకూడదు. అనుమతి వచ్చాక అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ ఇచ్చిన 423వ పరీక్షా మార్గదర్శకం ప్రకారం విషప్రభావం చూడాలి. కిలో శరీర బరువుకు 2000 మిల్లీగ్రాముల దగ్గర హాని కనిపించకపోతే 200, 400 మిల్లీగ్రాముల మోతాదులు ఎంచుకోవచ్చు.

వాపును కొలవడానికి 1962లో వెలువడిన కారాజీనన్ (సముద్రపు నాచు నుంచి తీసే, సూదితో ఎక్కిస్తే వాపు తెప్పించే పదార్థం) పద్ధతే నేటికీ ఎక్కువమంది వాడుతున్నారు. ఆరేసి ఎలుకలతో నాలుగు గుంపులు చేసి, ఒకదానికి సారం కలిపే ద్రవం మాత్రమే, ఒకదానికి పోలికకోసం నొప్పి, వాపు తగ్గించే మందు డైక్లోఫెనాక్, మిగిలిన రెంటికి రెండు మోతాదుల సారం నోటి ద్వారా ఇవ్వాలి. గంట తర్వాత వెనుక పాదం అడుగున 1 శాతం కారాజీనన్ 0.1 మిల్లీలీటరు ఎక్కించి, అయిదు గంటలపాటు గంటగంటకూ ప్లెతిస్మోమీటరుతో (ద్రవంలో ముంచిన పాదం ఎంత ద్రవాన్ని పక్కకు నెట్టిందో చూపే పరికరం) పాదం పరిమాణం కొలవాలి. సూది వేయకముందే చీలమండ ఎముక దగ్గర చెరగని సిరాతో గీత గీసి, ప్రతిసారీ పాదాన్ని సరిగ్గా ఆ గీత వరకే ముంచాలి. వెంట్రుకవాసి లోతు పెరిగినా లేని వాపు అంకెల్లోకి వచ్చేస్తుంది. మొదటి గంటలో వాపుకు శరీరంలో విడుదలయ్యే హిస్టమిన్, సెరటోనిన్ అనే రసాయనాలు కారణం కాగా, మూడో గంట నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే మరో రకం రసాయనాల పాత్ర ప్రధానం. అందుచేత సారం ఏ గంటలో పనిచేసిందన్నదే నా దృష్టిలో వాపు మొత్తం ఎంత శాతం తగ్గిందన్న అంకె కన్నా విలువైన సమాచారం.

నొప్పికి ఒక్క పరీక్ష చాలదు. ఎసిటిక్ ఆమ్లం ఎక్కించిన చిట్టెలుకలు పొట్ట ఎన్నిసార్లు మెలిపెట్టుకున్నాయో లెక్కించే పద్ధతి మెదడు, వెన్నుపాముల బయట శరీర భాగాల్లో పుట్టే నొప్పిని పట్టిస్తుంది. 55 డిగ్రీల వేడిపలక పరీక్ష మెదడు, వెన్నుపాముల స్థాయిలో పనిచేసే మందును గుర్తిస్తుంది. వేడిపలక మీద చిట్టెలుక పాదం నాకినా, ఎగిరినా వెంటనే తీసేయాలి. ఏమీ చేయకపోయినా 15 సెకన్లు దాటి ఉంచకూడదు, పాదం కాలుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు: మత్తులో ఉన్న చిట్టెలుక కూడా మెలిపెట్టుకోదు, ఎగరదు. అందుకే అదే మోతాదుతో వేరే చిట్టెలుకలను తిరిగే కడ్డీ మీద నిలబెట్టి, అవి పట్టుతప్పి పడిపోవడం లేదని చూసుకున్నాకే సారం నొప్పిని తగ్గించిందని రాయాలి.