షుగరు కొత్తగా తేలినవారు పొద్దున్న టిఫిన్ ఎలా ఎంచుకోవాలి?

రిపోర్టులో షుగరు ఉందని తేలగానే శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో మొదట జరిగేది ఒకటే. ఇడ్లీ పాత్ర అటకెక్కుతుంది, చోడిపిండి (రాగిపిండి) సంచి వంటింట్లోకి వస్తుంది. మర్నాటి నుంచి చెంబుడు అంబలి తాగేసి పథ్యం చేస్తున్నామనుకుంటారు.

అంబలి చెడ్డదని కాదు. కానీ చోళ్లలోనూ 100 గ్రాములకు 60 గ్రాముల పైనే పిండిపదార్థం ఉంటుంది. దానికితోడు మన అంబలిలో బియ్యపు నూక కూడా ఉడుకుతుంది. మెత్తటి పిండి జావ నమలక్కర్లేకుండా దిగుతుంది, అంతే తొందరగా రక్తంలోకి చేరుతుంది. అందులో బెల్లం ముక్క కూడా వేస్తే ఇక చెప్పేదేముంది! చోళ్ల మీదే మనసుంటే ఉల్లిపాయ, మునగాకు వేసి చిన్న రొట్టె కాల్చుకోండి. నమిలి తినొచ్చు, లెక్కా తెలుస్తుంది.

కావలసినవి: గ్లూకోమీటరు, గడువు దాటని స్ట్రిప్పులు, వంటింటి త్రాసు, ఒక నోటుపుస్తకం. షుగరు వాళ్లకని అమ్మే బిస్కెట్లు కొనకండి. చక్కెర తీసేసినా మైదా అలాగే ఉంటుంది.

మొదటి పని: పెసరట్టు. వేరే టిఫిన్లు తర్వాత చూద్దాం, మొదలు మాత్రం దీంతోనే. మనిషికి 60 గ్రాముల పొట్టు పెసలు తూచి రాత్రి నానబెట్టండి. వాటిలో సుమారు 14 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి, పీచు ఉంటుంది, పిండిపదార్థం ఒక పూటకు సరిపడా మాత్రమే ఉంటుంది. పొద్దున్న అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బితే రెండట్లు.

గుప్పెడు బియ్యం కలపకపోతే అట్టు రాదంటారు. వస్తుంది. పిండి మరీ పల్చగా రుబ్బకుండా, పెనం బాగా కాలాక నీళ్లు చిలకరించి, సగం కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది రుద్దండి. అట్టు అంచు తనంతట తనే లేచేదాకా అట్లకాడ పెట్టకండి. అంటుకునేదల్లా తొందరపడి తిప్పబోయినప్పుడే.

రెండో పని: పక్కన ఏం వేస్తున్నారో చూడండి. పెసరట్టు సరిగ్గా చేసుకుని బెల్లం పోసిన అల్లం పచ్చడిలో ముంచుకుని తినేవాళ్లే ఎక్కువ. అట్టులో ఉప్మా పెట్టారా, రవ్వంతా అదనమే. పల్లీ పచ్చడో నువ్వుల పచ్చడో వేసుకోండి. టీలో పంచదార వద్దు, పళ్లరసం అసలే వద్దు.

మూడో పని: మీటరుతో తేల్చుకోవడం. ఇక్కడే అందరూ పాడుచేస్తారు, కాబట్టి నిదానంగా చదవండి.

టిఫినుకు ముందు ఒకసారి, మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి చూడాలి. ఆ రెండు గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. తిన్నది అరగంట సేపైతే ఆ తేడాకే అంకె మారిపోతుంది. మధ్యలో టీ, బిస్కెట్టు, ‘ఒక్క ముక్క’ తాండ్ర, ఏదీ తగలకూడదు.

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. మామిడిపండు కోసిన చేత్తో వేలు పొడిస్తే మీటరు ఆ రసంలో తీపినీ కలిపి చూపిస్తుంది. దాంతో హడలిపోయి మందు పెంచమని పరుగెత్తేవాళ్లున్నారు. వేలి కొసన కాకుండా పక్కన పొడవండి. రక్తం రాకపోతే పిండకండి, చెయ్యి కిందికి వేలాడదీసి కాసేపు ఆగండి. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టేయాలి. మన తీరప్రాంతపు చెమ్మకు అవి తొందరగా పాడవుతాయి.

ఒక్క రోజు అంకెతో తీర్పు చెప్పకండి. 100 దాటిన అంకెల్లో మంచి మీటరుకైనా 15 శాతం అటూఇటూ పోయే వీలుంది. అదే టిఫిను, అదే తూకం, వరుసగా మూడు రోజులు చూడండి. రెండు గంటల అంకె 180 లోపు ఉండాలన్నది గర్భిణులు కాని పెద్దవాళ్లకు సాధారణంగా పెట్టే హద్దు. మీ డాక్టరు వేరే అంకె చెబితే అదే మీ హద్దు. కొత్తలో చాలామందికి పరగడుపునే 170, 180 ఉంటుంది, వాళ్లు టిఫినుకు ముందు అంకెకూ రెండు గంటల అంకెకూ తేడా చూసుకోవాలి. 50 లోపు పెరిగితే ఆ టిఫిను మీకు పడినట్టే. 80 పెరిగితే అట్టు ఒకటి తగ్గించి గుడ్డు పెట్టుకోండి, మళ్లీ మూడు రోజులు చూడండి.

పరగడుపు అంకె చూసి రాత్రి తిండినే తిట్టుకోవద్దు. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, కాలేయం చక్కెర వదులుతుంది, ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది. మధ్యాహ్నం ఏమీ చేయని ఇడ్లీలు పొద్దున్న అంకెను ఎగదోసేది ఇందుకే.

నాలుగో పని: మందుతో పొంతన. షుగరుకు సాధారణంగా మొదట రాసే మాత్ర మెట్‌ఫార్మిన్ తిండితో పాటు వేసుకుంటే కడుపులో వికారం తక్కువ. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ ఊరేలా చేసే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని టిఫిన్ మానేయడం మాత్రం ప్రమాదం, షుగరు మరీ పడిపోవచ్చు. ఆ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ తిండి బాగా తగ్గించబోతుంటే ముందే డాక్టరుకు చెప్పండి, మోతాదు మార్చాల్సి రావచ్చు. చెమటలు, వణుకు వచ్చి అంకె 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పులు పెంచే ముందు డాక్టరును అడగాలి.

బయట తినాల్సి వస్తే: పూరీ, మైసూరు బజ్జీ వైపు చూడకండి. పెసరట్టు అడిగితే ఉప్మా వద్దని, బియ్యం ఎంత కలుపుతారని పిండి పెనం మీద పడకముందే అడగండి. ఇడ్లీయే దిక్కైతే రెండే పెట్టమనండి, పక్కన ఉడికిన గుడ్డు దొరికితే తీసుకోండి.