వింగర్ ఆట ఎక్కడ తెగుతోంది? హాకీ సీజన్‌కు ముందు చూసుకోవాల్సినవి

మన అనంతపురం, కర్నూలు, కడప బడుల్లో వింగర్‌ను, అంటే సైడ్‌లైన్ వెంబడి దాడి చేసేవాణ్ణి, ఎంచుకునే పద్ధతి ఒకటే. క్లాసులో ఎవడు బాగా పరిగెత్తితే వాణ్ణి సైడ్‌లైన్ పక్కన నిలబెడతారు. మ్యాచ్‌లో వాడి ఆట తేలిపోతే "స్పీడు చాల్లేదు" అనేస్తారు. చాలాసార్లు లోపం కాళ్లలో ఉండదు, బంతిని ఆపే ఆ ఒక్క క్షణంలో ఉంటుంది. అందుకే కింది వరుసలోనే చూసుకుంటూ రండి. స్టాపింగ్ (బంతిని ఆపడం) కుదరని పిల్లోడికి క్రాస్ (పక్క నుంచి గోలు ముందుకు కొట్టే పాస్) నేర్పినా దండగే.

బంతి అందుతుంది, కానీ లైను దాటిపోతుంది, లేదా మళ్లీ వెనక్కే ఆడతాడు

బంతిని కాదు, పాదాలను చూడండి. వెనకున్న రైట్ హాఫ్ పాస్ ఇస్తున్నప్పుడు రైట్ అవుట్ (కుడివైపు వింగర్) అతని వైపే, అంటే తన గోలు వైపే ముఖం పెట్టి నిలబడి ఉంటాడు. బంతి ఆపాలి, తర్వాత తిరగాలి. ఆ తిరిగే లోపు డిఫెండర్ మీదికొచ్చేస్తాడు.

సైడ్‌లైన్‌కు వీపు, మైదానంలోకి ముఖం పెట్టి నిలబెట్టండి. కుడి భుజం ఎదుటి గోలు వైపు ఉండాలి. అప్పుడు బంతి ఒంటి ముందు నుంచి దాటి కుడి పాదం దగ్గరికి వస్తుంది. ఆపడం, ముందుకు తోయడం ఒకే కదలికలో అయిపోతాయి. 15 మీటర్ల దూరం నుంచి రోజుకు 40 పాస్‌లు ఇవ్వండి. పిల్లోడికి రెండు మీటర్ల ముందు రెండు రాళ్లు మీటరు ఎడంగా పెట్టండి. మొదటి తాకిడికే బంతి ఆ సందులోంచి పోవాలి. 40లో 30 దాటితే చాలు.

లెఫ్ట్ అవుట్ (ఎడమవైపు వింగర్) కష్టం వేరు. స్టిక్ చదును వైపు ఒక్కటే, ఎడమచేతి స్టిక్ అంటూ లేదు. కాబట్టి కుడివైపు పట్టుకున్న బంతి నేరుగా డిఫెండర్‌కు ఎదురుగా ఉంటుంది. బంతిని ఒంటికి ముందో, రివర్స్‌లో (స్టిక్ తిప్పి పట్టుకుని) ఎడమ పక్కనో నడపడం రాకపోతే ఎంత వేగం ఉన్నా లాగేసుకుంటారు.

మట్టి మీద రాజా, టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద బంతి స్టిక్ కింద నుంచి జారిపోతుంది

మన పిల్లల్లో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. గరుసు నేల మీద బంతి ఎగురుతూ వస్తుంది, ఎటు లేస్తుందో తెలీదు. దాంతో స్టిక్‌ను నిలువుగా పట్టుకుని చివరి క్షణం దాకా ఆగడం అలవాటవుతుంది. స్టిక్ నేల మీద పడుకోబెడితే వేళ్ల కణుపులు గీరుకుపోతాయని ఎవరూ ఆ పని చేయరు. తడి టర్ఫ్ మీద బంతి నేలకు అంటుకుని, అనుకున్నదానికంటే ముందే వస్తుంది. అక్కడ నిలువు స్టిక్ అడ్డుకునేది నాలుగు వేళ్ల వెడల్పే.

టర్ఫ్ దొరక్కపోతే బాస్కెట్‌బాల్ కోర్టు గానీ, సిమెంటు కళ్లం గానీ చూసుకోండి. రెండు బిందెల నీళ్లు చల్లి, పాత స్టిక్‌తో ఆడించండి. కొత్తదైతే గచ్చుకు కింది అంచు అరిగిపోతుంది, బట్ట టేపు చుట్టినా నాలుగు రోజులే. మోకాళ్లు వంచి, ఎడమచెయ్యి దాదాపు నేలకు తాకేలా దించి, స్టిక్‌ను అడ్డుకట్టలా పరచాలి. వారానికి మూడు రోజులు, 15 నిమిషాలు. ఎడమచేతికి గ్లవ్ తప్పనిసరి.

స్టిక్ పొడవు కూడా చూడండి. అన్న వాడిన 37.5 అంగుళాలది ఐదడుగుల నాలుగంగుళాల పిల్లోడికిస్తే వాడు వంగనే వంగడు. 36 లేదా 36.5 ఇవ్వండి.

డీ (గోలు ముందున్న అర్ధవృత్తం) దాకా దూసుకొస్తాడు, క్రాస్ డిఫెండర్ స్టిక్‌కే తగులుతుంది

రెండు కారణాలు. బంతి పాదాలకు మరీ దగ్గరగా ఉంటే స్వింగ్ ఇరుక్కుంటుంది. తల దించుకునే పరిగెత్తితే డీలో ఎవరున్నారో తెలీదు. ఎదుటి బేస్‌లైన్‌కు (గోలు ఉండే చివరి గీతకు) 23 మీటర్ల దూరంలోని గీత దాటగానే ఒకసారి తల ఎత్తి చూడాలి, అది నియమంగా పెట్టండి. క్రాస్‌కు ముందు ఆఖరి తాకిడిలో బంతిని ఒక మీటరు ముందుకు వదిలి, ఎడమ పాదం దాని పక్కన పడ్డప్పుడు కొట్టాలి.

గురి కూడా ఖాయం చేయండి: ఒకటి దగ్గరి పోస్టు, రెండోది గోలుకు 6.4 మీటర్ల దూరంలోని పెనాల్టీ స్ట్రోక్ చుక్క. రెండుచోట్లా చొక్కాలు పరిచి, పరుగు మీద పదేసి కొట్టించండి. దారి మూసుకుపోతే బేస్‌లైన్ వెంబడి డీలోకి దూరి డిఫెండర్ పాదానికి తగిలించినా పెనాల్టీ కార్నర్ (బేస్‌లైన్ నుంచి మొదలయ్యే గోలు అవకాశం) వస్తుంది. అది గోలంత కాకపోయినా చిన్న విషయం కాదు.

మూడో క్వార్టర్ నుంచి కనిపించడు

ఊరి చుట్టూ ఐదు కిలోమీటర్ల జాగింగ్ దీనికి మందు కాదు. వింగర్‌కు కావాల్సింది మళ్లీ మళ్లీ దూకే శక్తి. 25 మీటర్ల పరుగులు ఆరు, ప్రతి 30 సెకన్లకు ఒకటి. నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ ఆరు. వారానికి రెండుసార్లు. మొదటి పరుగు 4 సెకన్లయితే, ఆరోది 4.4 దాటకూడదు. దాటితే ఆ రోజుకు ఆపేయండి. ఏప్రిల్, మే ఎండల్లో ఉదయం ఎనిమిదిలోపే ముగించాలి.

సెలెక్షన్‌లో ఎంత ఆశించవచ్చు?

స్టాపింగ్ కుదిరి, క్రాస్ పదికి ఆరు గురికి పోతే ఈ సీజన్‌లో జిల్లా జట్టు గట్టిగానే అడగొచ్చు. రాష్ట్ర జట్టుకు టర్ఫ్ అలవాటు కూడా ఉండాలి. గోల్స్ లెక్కపెట్టి నిరాశపడొద్దు, ఒక్కో మ్యాచ్‌లో బంతితో ఎన్నిసార్లు డీలోకి వెళ్లాడో రాసుకోండి. తొందరేమీ లేదు. 2025లో చెన్నై, మదురైల్లో జరిగిన జూనియర్ ప్రపంచకప్ 21 ఏళ్లలోపు వాళ్లదే. పదహారేళ్లవాడికి ఇంకా టైముంది.

ఇంకోటి, ఆటకు సంబంధం లేనిది. జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, బడి రికార్డులో పుట్టిన తేదీ, ఇంటిపేరు అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. తేడా ఉంటే సరిచేయించడానికి వారాలు పడుతుంది, సెలెక్షన్ రోజు పొద్దున ఎవరూ ఆగరు.