పసిపిల్లలకు ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోమడం ఎలా?

పేస్టు ప్రకటనల్లో బ్రష్షు ఈ చివర నుంచి ఆ చివర దాకా పేస్టు పరిచి చూపిస్తారు. రెండేళ్ల పాపకు అంత అక్కర్లేదు, అంత పెట్టకూడదు కూడా. అలాగని ఫ్లోరైడ్ పేరు వినగానే భయపడి పేస్టే మానేయడమూ సరికాదు. నల్లగొండ మనకు నేర్పిన భయం న్యాయమైనదే. అయితే అక్కడ ఎముకల్ని, పళ్లని పాడుచేసింది ఏళ్ల తరబడి తాగిన, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు. పేస్టులోని ఫ్లోరైడ్ పనిచేసేది పంటి పైన. తీపి తిన్నాక నోట్లోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లానికి పంటి గట్టి పైపొర ఎనామిల్‌లోని ఖనిజాలు కరుగుతాయి. ఫ్లోరైడ్ ఉంటే అవి మళ్లీ పేరుకుంటాయి. కాబట్టి అది పంటికి తగలాలి, కడుపులోకి మాత్రం వీలైనంత తక్కువ పోవాలి.

1. మొదటి పన్ను రాగానే మొదలుపెట్టండి

చాలామందికి ఆరు నెలల అటూ ఇటూగా వస్తుంది. రెండేళ్లు నిండేదాకా ఫ్లోరైడ్ వద్దనే మాట ఒకప్పుడు ఉండేది. 2014లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఆ సలహా మార్చుకుంది: మొదటి పంటి నుంచే వాడొచ్చు, కాకపోతే చాలా కొద్దిగా.

2. ట్యూబు వెనక చదవండి

బొమ్మ చూసి కొనకండి. పిల్లల పేస్టుల్లో కొన్నింటిలో ఫ్లోరైడే ఉండదు, కొన్నింటిలో 500 పీపీఎం (పది లక్షల పాళ్లలో 500 పాళ్లు) దగ్గర ఉంటుంది. పుచ్చును గట్టిగా ఆపేది 1000 పీపీఎం. అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్.

3. కొలత మీ చేతిలోనే ఉండాలి

అసలు కీలకం ఇదే. మూడేళ్లు నిండేదాకా బియ్యపు గింజంత. మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠానీ గింజంత. బియ్యపు గింజంత పేస్టు దాదాపు 0.1 గ్రాము, అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. ఉమ్మడం రాని పిల్ల అదంతా మింగినా భయం లేదు. రోజూ నోటినిండా పేస్టు మింగితే మాత్రం చిక్కే. పాలపళ్ల కింద, దవడ ఎముకలో శాశ్వత దంతాలు ఆ వయసులోనే తయారవుతుంటాయి. ఆ మోతాదు వాటి మీద తెల్లటి చారలుగా మిగిలిపోతుంది. పేస్టు వేశాక బ్రష్షు కుచ్చుల్లోకి వేలితో అదమండి, ఒక్కసారిగా నాలుక మీద పడదు.

4. ఒళ్లో పడుకోబెట్టి తోమండి

తల మీ ఒడిలో, కాళ్లు అవతలికి. పై పెదవిని వేలితో పైకెత్తితే చిగురు అంచు కనిపిస్తుంది. సీసాపాలు తాగుతూ నిద్రపోయే పిల్లలకు పుచ్చు మొదలయ్యేది అక్కడే, పైన ముందు పళ్ల మీద తెల్లటి గీతలా. అది కనబడితే నొప్పి వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి. పాలపళ్లే కదా, ఊడిపోయేవే అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. వెనక దవడ పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా నిలవాలి, అవి పిప్పిపళ్లయితే బిడ్డ అన్నం నమల్లేదు.

ఏడెనిమిదేళ్ల వరకూ తోమే బాధ్యత పెద్దవాళ్లదే. తనే తోముకుంటానంటే తోముకోనివ్వండి, తర్వాత మీరు ఒకసారి తోమండి.

5. రాత్రి తప్పనిసరి

పొద్దున మనకెటూ అలవాటే. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి రాత్రిపూట తోమడమే ఎక్కువ కాపాడుతుంది. ఆ తర్వాత నీళ్లు తప్ప పాలు, బిస్కెట్లు వద్దు.

6. ఉమ్మించండి, పుక్కిలించనివ్వకండి

మూడేళ్ల దగ్గర ఉమ్మడం నేర్పండి. గ్లాసుడు నీళ్లతో పుక్కిలిస్తే పంటి మీది ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. ఉమ్మితే చాలు.

మీరుండేది ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతమైతే ముందు తాగునీరు పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగించకండి. కాచినా ఫ్లోరైడ్ పోదు. అలాంటి చోట పిల్లలకు ఏ పేస్టు, ఎంత అన్నది దంతవైద్యుల్ని అడిగి తేల్చుకోవాలి.

ట్యూబు పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. 1000 పీపీఎం ఉన్న 100 గ్రాముల ట్యూబులో 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. పది కిలోల పిల్లకు అందులో సగం కూడా ప్రమాదమే. తీపిగా ఉందని చాలా తినేస్తే వాంతి చేయించకండి. పాలు తాగించి, ఆ ట్యూబు వెంటపెట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.