కెనడాలో వర్క్ పర్మిట్ పొడిగింపు: ముందు పాస్‌పోర్టు తీసి చూడండి

పోయిన వారం మా పై అంతస్తులో ఉంటున్న కుర్రాడు రాత్రి పదకొండు గంటలకు తలుపు తట్టాడు. వర్క్ పర్మిట్ గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. దరఖాస్తు తేలడానికి ఎన్ని రోజులు పడుతుందో వలస శాఖ వెబ్‌సైట్‌లో చూపించే సంఖ్య మారుతూ ఉంటే, అది తగ్గాక దరఖాస్తు వేద్దామని ఆగాడట. తీరా కాగితాలన్నీ ముందు పెట్టుకుంటే పాస్‌పోర్టు కూడా నాలుగు నెలల్లో అయిపోతోంది. అతని ముఖం చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. నా మొదటి ఏడాది నేను పడ్డ అవస్థ సరిగ్గా ఇదే.

వలస శాఖ, అంటే ఐఆర్‌సీసీ, చూపించే ఆ కాలం మీకు ఇచ్చిన మాట కాదు. నూటికి 80 దరఖాస్తులు ఎంత కాలంలో తేలాయో చెప్పే లెక్క అది. మిగిలిన 20లో మీరు ఉండవచ్చు. పైగా ఆ లెక్క మొదలయ్యేది అన్ని కాగితాలతో పూర్తి దరఖాస్తు వారికి చేరిన రోజు నుంచి. మీ ఉద్యోగానికి ఎల్‌ఎంఐఏ, అంటే విదేశీయుణ్ణి పనిలో పెట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం, కావాలంటే అది మీ యజమాని తెచ్చుకోవలసినది, దాని నిరీక్షణ వేరు. అది అక్కర్లేకపోతే యజమాని 230 డాలర్లు కట్టి, ఐఆర్‌సీసీ యజమానుల కోసం పెట్టిన పోర్టల్‌లో ఉద్యోగ వివరాలు నమోదు చేసి, మీకు ఆఫర్ నంబరు ఇవ్వాలి. ఆ నంబరు లేకుండా మీ దరఖాస్తు ముందుకు కదలదు. హెచ్‌ఆర్ వారిని గడువుకు నాలుగు నెలల ముందే అడగండి. మొహమాటపడితే నష్టపోయేది మీరే.

ఇక పాస్‌పోర్టు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. పాస్‌పోర్టు గడువును దాటి పర్మిట్ ఇవ్వరు. నేను కెనడాలో దిగేనాటికి నాకు రెండేళ్ల ఉద్యోగం ఉంది, పాస్‌పోర్టులో మాత్రం పదకొండు నెలలే మిగిలాయి. విమానాశ్రయంలో అధికారి ఇచ్చిన పర్మిట్ కాగితాన్ని వచ్చేశానన్న సంతోషంలో తేదీ చూడకుండానే మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఏడు వారాల తరువాత ఆఫీసులో నకలు అడిగినప్పుడు తెలిసింది, నా రెండేళ్లు పదకొండు నెలలయ్యాయని. అప్పుడు పాస్‌పోర్టు కోసం పరుగు. ఫోటో కొలత సరిపోలేదని రెండుసార్లు తిప్పి పంపారు. అద్దె ఒప్పందంలో నా పేరు లేదు కాబట్టి చిరునామా రుజువు దొరకలేదు. ఆ నెలల్లో రాత్రిళ్లు నిద్ర లేచి పర్మిట్ మీది తేదీని మళ్లీ మళ్లీ చూసుకునేవాడిని. గడువుకు ఆరు రోజుల ముందు దరఖాస్తు వేయగలిగాను.

భారత పాస్‌పోర్టును గడువుకు ఏడాది ముందే మార్చుకోవచ్చు. మరి ఎందుకు ఆగుతారు? ఇంకా విమానం ఎక్కనివారైతే అక్కడే మార్చుకుని రండి. ఇప్పటికే వచ్చేసినవారు ఈ వాక్యం దగ్గరే ఆగి, లేచి వెళ్లి తేదీ చూసి రండి.

అలాగని కొత్త పాస్‌పోర్టు కోసం దరఖాస్తును ఆపకండి, తమ్ముడూ! ఆ కుర్రాడు చేయబోయిన తప్పు అదే. పాత పాస్‌పోర్టుతోనే గడువులోపల దరఖాస్తు వేసి, కొత్తది వచ్చాక ఐఆర్‌సీసీ వెబ్‌సైట్‌లోని వెబ్ ఫారం ద్వారా పంపవచ్చు. అది చేరేలోగా నిర్ణయం వెలువడి పర్మిట్ తక్కువ కాలానికే వస్తే మళ్లీ దరఖాస్తు వేసి 155 డాలర్లు కట్టాలి, అంతే. దరఖాస్తు వేయకుండానే పర్మిట్ గడువు దాటిపోతే మాత్రం ఆ రోజు నుంచి పని ఆపేయాలి. దేశంలో ఉండే చట్టబద్ధ స్థితిని పునరుద్ధరించమని అడగడానికి 90 రోజుల సమయం ఉంటుంది కానీ, ఆ కాలమంతా పని చేయకూడదు, జీతం రాదు.

ఇంత భయపెట్టాక ఒక మాట చెప్పక తప్పదు. గడువు ముగియకముందే దరఖాస్తు చేరితే, నిర్ణయం వచ్చేవరకు పాత పర్మిట్ షరతుల మీదే, అదే యజమాని దగ్గర పని చేసుకునే హక్కు చట్టం మీకు ఇస్తుంది. ఆ కాలం మూడు నెలలైనా ఆరు నెలలైనా సరే. ఆఫీసులో ఎవరైనా సందేహిస్తే దరఖాస్తు అందినట్టు వచ్చిన లేఖ చూపండి. దేశం దాటి మాత్రం వెళ్లకండి. తిరిగి వచ్చాక కొత్త పర్మిట్ చేతికందేవరకు పని చేసే వీలుండదు. పెళ్లిళ్లు ఉన్నాయి, పండుగలు ఉన్నాయి, నాకు తెలుసు. అయినా ఆగండి. పర్మిట్ వచ్చాక పని చేయడానికి కావలసిన, 9తో మొదలయ్యే మీ సోషల్ ఇన్సూరెన్స్ నంబరు గడువును కూడా మార్పించుకోండి, అది చాలామంది మరిచిపోతారు.

నా కొత్త పర్మిట్ వచ్చేదాకా నాకు ఒక్క రోజు జీతం కూడా ఆగలేదు. ఆ కుర్రాడికి ఆఫర్ నంబరు అప్పటికే చేతిలో ఉంది కాబట్టి, మొన్న ఆదివారం మా వంటగది బల్ల దగ్గర కూర్చుని ఇద్దరం దరఖాస్తు పంపాం. సోమవారం పొద్దున అతను మామూలుగానే పనికి వెళ్లాడు.