దాళ్వా కోతలకు ముందు లారీ హైడ్రాలిక్ వించ్ జాగ్రత్తలు

కోనసీమ కాలవ గట్ల మీద ధాన్యం లారీ ఎక్కడో ఒకచోట దిగబడక మానదు. దాన్ని బయటికి లాగే వించ్‌ని, అంటే ఆయిల్ ఒత్తిడితో తిరుగుతూ ఇనుపతాడు చుట్టుకునే డ్రమ్మునీ దాని పంపు, గొట్టాలనీ ముందే చూసుకోండి.

– గొట్టం కారుతోందేమోనని చేత్తో తడమొద్దు. సూదిమొనంత చిల్లులోంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, చెయ్యి తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డంపెట్టి చూడండి. దూరిందంటే మందు రాసుకుని కూర్చోకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

– ఆయిల్ ట్యాంకు వాల్వు తెరిచాకే పీటీఓ (ఇంజను బలాన్ని పంపుకి అందించే గేరు) వెయ్యండి. ఆయిల్ అందని పంపు నిమిషాల్లో పోతుంది.

– డ్రమ్ము మీద ఇనుపతాడు 5 చుట్లయినా మిగలాలి, లేకపోతే మొదలే ఊడొస్తుంది.

– రిలీఫ్ వాల్వు (ఒత్తిడి మితిమీరితే ఆయిల్‌ని వెనక్కి వదిలేది) బిగిస్తే బలం పెరుగుతుందంటారు. గొట్టం పగలడానికి అదే దగ్గరి దారి.

– గట్టు మీది కొబ్బరిచెట్టుకి కొక్కెం వద్దు. తడినేలలో చెట్టే మీదికొస్తుంది.

– లాగుతున్న తాడు దాటొద్దు.