ఆసుపత్రి పోర్టల్ మొరాయిస్తే ముందు ఓపీ చీటీ చూడండి

తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఓపీ టోకెను, రక్తపరీక్షల ఫలితాలు, బిల్లు చెల్లింపు వంటివి చాలా ఆసుపత్రుల్లో ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. వాటితోపాటే "సైటు పనిచేయడం లేదు" అన్న ఫిర్యాదూ వచ్చింది. ఇరుగుపొరుగువారికి ఈ పనుల్లో సాయపడుతూ నేను గమనించిందేమంటే, లోపం సైటులో ఉండే సందర్భాలకన్నా, మొదటిరోజు రిజిస్ట్రేషన్ కౌంటరులో హడావుడిగా నమోదైన వివరాల్లో ఉండే సందర్భాలే ఎక్కువ.

"మీ వివరాలు సరిపోలలేదు" అని వస్తే

పోర్టల్ రోగిని గుర్తించేది యూహెచ్ఐడీ అనే ఆసుపత్రి నంబరుతో. పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు ఆ నంబరుకు తోడుగా ఉంటాయి. వీటిలో ఒక్కటి తేడా వచ్చినా తలుపు తెరుచుకోదు. పాకాల వైపునుంచి వచ్చే మా పెద్దమ్మ విషయంలో ఇదే జరిగింది. ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి పూర్తి పేరుంది, ఓపీ చీటీ మీదేమో ఒట్టి పేరే ఉంది, అదీ ఇంగ్లిషులో ఒక అక్షరం తక్కువగా. కౌంటరులో వయసెంత అని అడిగితే "అరవై ఉంటాయి నాయనా" అన్నదట, దాంతో కంప్యూటరు ఆ వయసు లెక్కన వచ్చిన సంవత్సరపు జనవరి 1నే పుట్టిన తేదీగా వేసుకుంది. ఆధార్‌లోని తేదీ ఎన్నిసార్లు కొట్టినా పోర్టల్ ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

ఇలాంటప్పుడు తోచిన తేదీలు వేసి చూడడం వృథా, ఎక్కువసార్లు తప్పితే ఖాతా కొంతసేపు స్తంభించిపోవచ్చు కూడా. ఓపీ చీటీ మూలన బార్‌కోడు కింద ఉన్న నంబరును, చీటీ మీద ముద్రించిన పేరును ఉన్నవి ఉన్నట్టుగా నమోదు చేయండి. అప్పటికీ కుదరకపోతే పాత చీటీ, ఆధార్ నకలు తీసుకుని మెడికల్ రికార్డ్స్ విభాగానికి వెళ్లి వివరాలు సరిచేయమని అడగండి. విసుగెత్తి కొత్త రిజిస్ట్రేషన్ మాత్రం చేయించుకోవద్దు. కొత్త నంబరు కింద ఏమీ ఉండదు, పాత రిపోర్టులన్నీ పాత నంబరులోనే ఉండిపోతాయి, ఎదురుగా కూర్చున్న డాక్టరుకు మీరు మొదటిసారి వచ్చిన రోగిలా కనిపిస్తారు. ఇప్పటికే రెండు నంబర్లుంటే, రెంటినీ కలపమని అదే విభాగాన్ని కోరాలి.

ఓటీపీ రాకపోతే

ఏ ఓటీపీ కోసం ఎదురుచూస్తున్నారో ముందు తేల్చుకోవాలి. ఆసుపత్రి పోర్టల్ పంపేది కౌంటరులో ఇచ్చిన ఫోను నంబరుకు వస్తుంది. ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరైన ఆభాను ఆధార్‌తో తీసుకునేటప్పుడు వచ్చేది ఆధార్‌కు ముడిపడిన నంబరుకు పోతుంది. ఈ రెండూ ఒకటేనని అనుకోవడంవల్లే, అమ్మ ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంటే ఓటీపీ బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు ఫోనులో మోగుతుంది. మొదటిదాన్ని ఆసుపత్రి కౌంటరులో మార్పిస్తే చాలు. రెండోదానికి మాత్రం ఆధార్‌లోనే నంబరు మార్పించుకోవాలి. ఆభా గురించిన సందేహాలకు 14477కు ఫోను చేయవచ్చు.

మళ్లీ పంపమని వరసగా నొక్కితే చివరిగా వచ్చిన ఓటీపీ ఒక్కటే చెల్లుతుందని గుర్తుంచుకోండి. ఆసుపత్రినుంచి మాట్లాడుతున్నామంటూ ఎవరైనా ఓటీపీ అడిగితే ఫోను పెట్టేయండి. ఒకవేళ చెప్పి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్ లైను 1930కి ఫిర్యాదు చేయాలి.

స్లాట్లు కనిపించకపోతే

మూడువందల రూపాయల దర్శనం టికెట్ల విడుదల కోసం కాచుకుని కూర్చోవడం మన ఊళ్లవాళ్లకు అలవాటే కానీ, ఆసుపత్రి స్లాట్లకు అలాంటి ప్రకటన ఉండదు. విభాగం తప్పుగా ఎంచుకున్నా, ఆ డాక్టరుకు ఆ రోజు ఓపీ లేకపోయినా పట్టిక ఖాళీగానే కనబడుతుంది. ఏ డాక్టరు ఏ రోజు చూస్తారో ఓపీ బోర్డును ఒకసారి ఫోటో తీసి పెట్టుకుంటే సగం తిప్పలు తప్పుతాయి. కౌంటరు దగ్గర స్కాన్ అండ్ షేర్ క్యూఆర్ కోడు అతికించి ఉంటే, ఆభా యాప్‌తో దాన్ని స్కాన్ చేసినా టోకెను ఫోనుకే వస్తుంది.

డబ్బు కట్ అయింది, అపాయింట్‌మెంటు రాలేదు

రెండోసారి కట్టకండి. బ్యాంకునుంచి డబ్బు వెళ్లినా ఆసుపత్రి సర్వరుకు కబురు అందకపోవడంవల్ల ఇలా జరుగుతుంది. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు వివరాలు తెరిచి, 12 అంకెల రిఫరెన్సు నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, బిల్లింగ్ కౌంటరులో చూపించండి. డబ్బు వారికి చేరివుంటే రసీదు అక్కడే ఇస్తారు. చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజునుంచి 5 రోజుల్లోగా అది తనంతట తానే మీ ఖాతాలోకి తిరిగి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో నిర్దేశించింది. గడువు దాటితే నిలదీయాల్సింది మీ బ్యాంకును, కౌంటరులోని అమ్మాయిని కాదు.

రిపోర్టు "పెండింగ్" అని చూపిస్తే

చాలాసార్లు ఇది లోపమే కాదు. షుగరు, థైరాయిడ్ వంటివి అదేరోజు వచ్చినా, మూత్రం కల్చర్‌లో సూక్ష్మజీవులు పెరగడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది. రక్తం కల్చర్‌ను సాధారణంగా 5 రోజులవరకు గమనిస్తారు. బయాప్సీకి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. పరీక్ష పూర్తయినా, డాక్టరు సరిచూసి సంతకం చేసేదాకా పోర్టల్‌లోకి ఎక్కదు. ల్యాబులో ఇచ్చిన గడువు దాటాక కూడా రాకపోతే, నమూనా తీసుకున్నప్పటి రసీదుతో ల్యాబు కౌంటరులోనే అడగండి.

రిపోర్టు ఉండి కూడా తెరుచుకోకపోతే పీడీఎఫ్‌కు పాస్‌వర్డు ఉందేమో చూడండి, అది ఎలా వేయాలో మెసేజిలోనే రాసి ఉంటుంది. స్కానింగ్ విషయంలో పోర్టల్‌లో దొరికేది తరచుగా రాతపూర్వక నివేదిక మాత్రమే కనుక, వేలూరుకో చెన్నైకో రెండో అభిప్రాయానికి వెళ్లేవారు ఫిల్ములుగానీ సీడీగానీ అడిగి తీసుకోవాలి.

రాష్ట్ర ప్రభుత్వ ఉచిత చికిత్స పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స అనుమతి ఏ దశలో ఉందో ఈ పోర్టల్‌లో వెతకడం అనవసరం. అది వేరే వ్యవస్థ, ఆ పథకం కోసం ఆసుపత్రిలో ఉండే సహాయకులైన వైద్య మిత్రను అడగాలి.

ఇంట్లో ప్రింటరు లేక బస్టాండు దగ్గరి నెట్ సెంటరులో రిపోర్టు తీయించుకునేవారు బయటికి వచ్చేముందు లాగౌట్ చేయడమే కాక, డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిపించి తమ ఫైలును కళ్లెదుటే చెరిపించుకోవాలి. మొన్న ఒకచోట ఆ ఫోల్డరులో ముక్కూముఖం తెలియనివారి రిపోర్టులు వరసగా పడి ఉండడం నేనే చూశాను.